గింజ తీసే తీరిక లేక

క్లఫుతీలో వేసే చెర్రీలకు గింజ ఉంచాలా, తీసేయాలా అన్న మాట ఫ్రాన్సులో ఎవరి ముందైనా ఎత్తి చూడండి. అంతవరకు మర్యాదగా మాట్లాడుతున్నవాళ్ళు కూడా రెండు పక్షాలైపోతారు. పారిస్ వాళ్ళు చాలామంది తీయాలంటారు. ఇక్కడ లిమోజ్‌లో, చుట్టుపక్కల పల్లెల్లో ఆ మాటంటే మనల్ని జాలిగా చూస్తారు. గింజతోనే బాదం వాసన, గింజ తీస్తే రసమంతా కారి పిండి ఎర్రనీళ్ళయిపోతుంది, అసలు గింజ తీసినదాన్ని క్లఫుతీ అనకూడదు. ఇవీ వాళ్ళ వాదనలు.

నేను పింగాణీ మనిషిని. గూడూరులో సిరామిక్ డిప్లొమా చదివి, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి పింగాణీకి పేరుపడ్డ ఈ ఊరికొచ్చి తేలాను. వంటల మీద తీర్పు చెప్పడానికి నీకేం అర్హత అంటారేమో. మట్టి పాత్రలో, రాతి పొయ్యిలో పుట్టిన వంటకం కాబట్టి కొంచెం ఉందనే అనుకుంటున్నాను. నా తీర్పు ఇదీ: పూర్వం గింజ ఉంచింది రుచి కోసం కాదు, తీసే తీరిక లేక. రుచి వాదం తర్వాత వచ్చి చేరింది.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. పాలు, గుడ్లు, గోధుమపిండి, పంచదార, చిటికెడు ఉప్పు కలిపి జారుగా పిండి కలుపుతారు. వెన్న రాసిన వెడల్పాటి గిన్నెలో చెర్రీలు పరిచి, ఆ పిండి పోసి, పొయ్యిలో పెడతారు. పొంగి పైకొస్తుంది, బయటికి తీయగానే కూలబడుతుంది. అది లోపం కాదు, దాని స్వభావం. గోరువెచ్చగా ఉన్నప్పుడు ముక్క కోస్తే జున్ను తెగినట్టు తెగుతుంది. కాకపోతే జున్ను కంటే బరువు, కడుపుకు పట్టే రకం. మిఠాయి దుకాణంలో పుట్టినది కాదని మొదటి ముద్దకే తెలిసిపోతుంది.

దీని సొంత ఊరు లిమూజాన్. ఫ్రాన్సు నడిబొడ్డుకు కాస్త నైరుతిగా, కొరెజ్, క్రూజ్, ఓత్ వియెన్ అనే మూడు జిల్లాల నేల. అడుగున అంతా గ్రానైటు. పైన పల్చటి పుల్లమట్టి. గోధుమకు ఒప్పే నేల కాదు. రై, బక్‌వీట్, చెస్ట్‌నట్ చెట్లు, పందులు, ఎర్రటి ఆవులు, ఇవే బతుకు. 1761 నుంచి 1774 వరకు తుర్గో ఇక్కడ రాజుగారి తరఫు అధికారిగా ఉన్నాడు. తర్వాత దేశానికే ఆర్థికమంత్రి అయిన మనిషి. ఆయన హయాంలోనే, 1769 తర్వాత వరసగా పంటలు పోయి కరువు వచ్చింది. ఆయన అప్పుడు పైవాళ్ళకు రాసిన నివేదికలు చదివితే ఈ ప్రాంతం ఎంత బీదదో అర్థమవుతుంది. ఆ నివేదికల్లో పాలు, గుడ్లు, తెల్లపిండి, పంచదార కలిపి చేసుకునే వంటకానికి చోటెక్కడిది?

కాబట్టి క్లఫుతీ మధ్యయుగాల నుంచీ ఉందని ఎవరైనా అంటే నేను నమ్మను. పాలలో పిండి కలిపి పళ్ళతో ఉడికించుకోవడం పాతదే కావచ్చు. ఇప్పుడు మనం తినేది మాత్రం పంతొమ్మిదో శతాబ్దపు సరుకు. పంచదార సంగతే చూడండి. దీవుల నుంచి వచ్చే చెరకు పంచదార శంకువులా పోతపోసి, నీలం కాగితంలో చుట్టి అమ్మేవారు. పల్లెలో అది మందుతో సమానం. నెపోలియన్ కాలంలో ఇంగ్లండు నౌకలు సముద్రం మూసేశాక బీట్‌రూట్ నుంచి పంచదార తీయడం మీద పడ్డారు. 1812లో పారిస్ శివార్లలో దెలెసేర్ కర్మాగారంలో అది చక్కగా తయారైందని విని చక్రవర్తి స్వయంగా వెళ్ళి, తన గుండెమీది పతకం తీసి ఆయనకు పెట్టాడని చెప్పుకుంటారు. అయినా ఆ పంచదార పల్లె వంటింటి దాకా చవకగా దిగిరావడానికి ఇంకో రెండు తరాలు పట్టింది. తెల్లపిండి కథా అంతే. రోజూ తినేది నల్లటి రై రొట్టె. గోధుమపిండి పండగకీ, పెద్ద పనులకీ.

ఆ పెద్ద పనులు జూన్, జూలై నెలల్లో వస్తాయి. గడ్డి కోత, దాని వెనకే రై కోత. ఈ కొండ ప్రాంతంలో చెర్రీ పండేదీ సరిగ్గా అప్పుడే. ఇక్కడ చెట్లకు కాసేవి బజారులో కనబడే లావుపాటి ఎర్ర చెర్రీలు కావు. చిన్నవి, నల్లవి, పల్చటి తోలు, పిసికితే వేళ్ళు రెండు రోజులు ఊదారంగులో ఉంటాయి. పండిందంటే వారం పది రోజుల్లో కోసెయ్యాలి, లేదంటే పిట్టల పాలు. పొలంలో పదిమంది కూలీలకు తిండి పెట్టాల్సిన రోజులూ అవే.

పెట్టాల్సింది ఎవరు? ఇక్కడే నాకు అసలు కథ కనబడుతుంది. క్రూజ్ జిల్లా మగవాళ్ళు ఊళ్ళో ఉండేవారు కాదు. మార్చిలో తాపీలు సర్దుకుని గుంపులుగా పారిస్‌కీ, లియోన్‌కీ బయలుదేరి, మళ్ళీ చలికాలం మొదలయ్యాకే తిరిగొచ్చేవారు. క్రూజ్ తాపీమేస్త్రీలంటే ఫ్రాన్సంతా తెలుసు. పారిస్ భవనాల్లో వాళ్ళ చెయ్యి పడనివి తక్కువ. వాళ్ళలో మార్తాన్ నదో అనే ఆయన పుట్టింది 1815లో, సూబ్రెబో దగ్గరి పల్లెలో. 1830లో, పదిహేనేళ్ళైనా నిండకుండానే, తండ్రి వెంట పారిస్ దారి పట్టాడు. ఓర్లెయాన్ దాకా కాలినడకే. తర్వాత చట్టసభకు ఎన్నికయ్యాడు, 1851 తిరుగుబాటుతో దేశం విడిచి ఇంగ్లండులో తలదాచుకున్నాడు, 1870లో తిరిగొచ్చి తన జిల్లాకే ప్రిఫెక్టు అయ్యాడు. 1895లో అచ్చైన ఆయన జ్ఞాపకాలు ఈ వలసల గురించి మనకున్న గొప్ప సాక్ష్యం. మార్చిలో బయలుదేరే ఆ ఉదయం, తల్లి, దారిలో పూటకూళ్ళ ఇళ్ళు, మురికి పక్కలు, అన్నీ ఉంటాయి. జూన్ నెలలో ఊరు ఎలా ఉంటుందో ఉండదు. ఉండదు మరి, ఆయన జూన్‌లో పారిస్‌లో సున్నం కలుపుతుంటాడు.

ఆ జూన్‌లో ఊళ్ళో ఉన్నది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. గడ్డి కోత, పశువులు, పందులు, వంట, అన్నీ వాళ్ళ నెత్తినే. పంటలో సగం భూస్వామికిచ్చే కౌలు కుటుంబమైతే గుడ్లలో, కోళ్ళలో కూడా ఆయన వాటా తీసిపెట్టాలి. అలాంటి మనిషి ముందు రెండు బుట్టల నల్లచెర్రీలు పెట్టి, ఒక్కొక్కదాని గింజా తీయమని చెప్పగలరా? ముందు తొడిమ లాగడానికే తీరిక చాలదు.

లిమూజాన్ ఆడవాళ్ళకు ఓపిక లేదని మాత్రం అనుకోవద్దు. చలికాలం చెస్ట్‌నట్‌ల సంగతి చూస్తే ఆ మాట నోట రాదు. చెస్ట్‌నట్‌కు రెండు తోళ్ళు. పై తోలు ముందు రోజు రాత్రి పొయ్యి చుట్టూ కూచుని అందరూ చాకుతో వలిచేవారు. లోపలి తోలు పల్చగా, చేదుగా, పప్పు ముడతల్లోకి చొచ్చుకుని ఉంటుంది. దాని కోసమే దెబ్వారదూర్ అని ఒక పనిముట్టు ఉంది. పళ్ళు చెక్కిన రెండు కొయ్యముక్కలు కత్తెరలాగా అడ్డంగా బిగించి ఉంటాయి. ఇనప కుండలో వేడినీళ్ళలో చెస్ట్‌నట్‌లు వేసి, ఆ పనిముట్టును దింపి, రెండు చేతులతో మూస్తూ తెరుస్తూ తిప్పితే తోలు రాలుతుంది. తర్వాత జల్లెట్లో వేసి ఒక్కోదాన్నీ చూసి, మిగిలిన పొట్టు గోటితో తీయాలి. రోజూ, నెలల తరబడి. అంత పనిచేసే చేతులు చెర్రీ గింజను వదిలేశాయంటే అది రుచిజ్ఞానం అనుకోవడం కంటే క్యాలెండరు అనుకోవడమే నయం. చలికాలంలో తీరిక ఉంది, తిండి లేదు. జూన్‌లో పండు ఉంది, తీరిక లేదు.

ఇక పొయ్యి. ఇక్కడి పల్లెల్లో పాత రొట్టెపొయ్యిలు కొన్ని ఇంకా నిలిచే ఉన్నాయి. రాతి గోడ, లోపల గుమ్మటం, ముందు ఒక నోరు. మొదటిసారి తల దూర్చి చూసినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు, బట్టీయే కదా. ఎండుకొమ్మల కట్టలు లోపలే పెట్టి గంటల తరబడి మండిస్తారు. మొదట గుమ్మటమంతా మసి పట్టి నల్లబడుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ మసి కూడా కాలిపోయి రాళ్ళు మళ్ళీ తెల్లబడతాయి. అదే వాళ్ళ థర్మామీటరు. తెల్లబడిందంటే చాలు. నిప్పులు, బూడిద బయటికి లాగేసి, కర్రకు కట్టిన తడిగుడ్డతో అడుగు తుడిచి, రై రొట్టెలు పెట్టి మూత వేస్తారు. ఇంక మంట లేదు. అక్కణ్ణుంచి అంతా దిగే వేడే. పెద్ద పెద్ద రొట్టెలు గంటకు పైగా కాలి బయటికొచ్చేసరికి లోపల నూట ఎనభై, రెండు వందల డిగ్రీలు మిగిలి ఉంటుంది. అన్ని కట్టెలు పెట్టి కాచిన వేడిని వృథాగా పోనిస్తారా? అప్పుడు పళ్ళ వంటకాలు లోపలికి వెళ్తాయి. అవీ అయ్యాక, మిగిలిన కొసవేడిలో పళ్ళు ఎండబెట్టుకునేవారు. ఇవాళ ఏ పుస్తకం తిరగేసినా క్లఫుతీకి 180 డిగ్రీలే రాసి ఉంటుంది.

ఆ వేడిని పెంచడం, తగ్గించడం చేతిలో లేని పని. తలుపు తీసి మాటిమాటికీ చూడటం కూడా కుదరదు. అలాంటి చోట వట్టి పాలు, గుడ్ల మిశ్రమం పెడితే ఏమవుతుంది? పాలతో కలిసిన గుడ్డు ఎనభై డిగ్రీల దగ్గర గట్టిపడటం మొదలెడుతుంది. అది దాటి వేడెక్కితే విరిగి, నీళ్ళు వదిలి, ముక్కలుముక్కలవుతుంది. అందుకే పట్నం వంటవాళ్ళు కస్టర్డు గిన్నెను వేడినీళ్ళ పళ్ళెంలో దించి కాలుస్తారు. క్లఫుతీకి ఆ ఉపచారం అక్కర్లేదు. అందులో గోధుమపిండి ఉంది. పిండిలోని గంజి ఉబ్బి గుడ్డు కణాల మధ్య అడ్డంపడుతుంది, తొందరగా విరగనివ్వదు. పది నిమిషాలు ఆలస్యమైనా, వేడి కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది. వండే మనిషి పొలంలో ఉండగా తనంతట తాను ఉడికే వంటకం ఇది. గింజలు తీయకపోవడం, నీళ్ళ పళ్ళెం పెట్టకపోవడం, రొట్టె వెనకాల పొయ్యిలోకి తోయడం, ఇవన్నీ ఒకే మనిషి చేసిన ఏర్పాట్లలా నాకు కనబడతాయి. ఆ మనిషి పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

మా పక్కింటావిడ క్రూజ్ మనిషి, ఎనభై దాటినా వంట మానలేదు. ఆవిడ చేతి కిందే నేను నేర్చుకున్నాను. కొలతలు లేవు. గిన్నెకు వెన్న రాస్తుంది, దాని మీద పంచదార చల్లి తిప్పుతుంది. చెర్రీలు కడిగి గుడ్డ మీద పరిచి తుడుస్తుంది. తడి ఉండకూడదు, ఈ ఒక్కదాంట్లోనే ఆవిడ పట్టుదల. పిండిలో మధ్యన గుంట చేసి గుడ్లు కొట్టి, ముందు ముద్దగా కలిపి, ఆ తర్వాతే పాలు చెంబుతో కొద్దికొద్దిగా పోస్తుంది, ఉండలు కట్టకుండా. గరిటె ఎత్తితే పిండి తీగలా తెగకుండా కారాలి. ఇంతే. “మా అమ్మమ్మ చేసేది ఇంకా గట్టిగా ఉండేది, మీరైతే మింగలేకపోయేవారు,” అంది ఒకసారి. “రెండు గుడ్లతో ఇంటిల్లిపాదికీ సరిపోవాలి మరి.” గుడ్లు అమ్మితే ఉప్పూ కాఫీ వచ్చేవట. అదీ సంగతి. ఇప్పటి క్లఫుతీ మెత్తగా వణుకుతుందంటే కారణం మూడు నాలుగు గుడ్లు కొట్టగలగడమే.

మా అమ్మకు ఫోన్‌లో చూపిస్తే పరిశీలనగా చూసి, “గింజలుండంగానే పెడతారా? వచ్చినోళ్ళ పళ్ళు ఊడిపోతే ఎవురిదే పాపం?” అంది.

బాదం వాసన మాట తేల్చకుండా పోతే ఇక్కడివాళ్ళు ఊరుకోరు. చెర్రీ గింజ లోపలి పప్పులో అమిగ్డలిన్ ఉన్న మాట నిజమే. చేదుబాదం నుంచి దాన్ని 1830లో రోబికే, బుత్రోన్-షర్లార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు వేరుచేశారు. పప్పును నలిపి తడిపితే అది విడిపోయి బాదం వాసననిచ్చే బెంజాల్డిహైడు పుడుతుంది, వెంట కాస్త సైనైడు కూడా. కానీ నలగాలి. పగలని గింజ పెంకు లోపల పప్పు భద్రంగా కూచుని ఉంటుంది. నేను గింజ ఉన్నదీ లేనిదీ ఒకే రోజు పక్కపక్కన చేసి తిన్నాను. తేడా ఉంది, అబద్ధం ఎందుకు. ఆ తేడా వాసనలో కంటే రసంలోనే ఎక్కువ. గింజతో ఉన్న పండు పొయ్యిలో తన రసం తనలోనే దాచుకుని నోట్లో పగులుతుంది. గింజ తీసిన పండు ముందే గాయపడి ఉంది, చుట్టూ పిండిని తడిపేస్తుంది. రసం వాదన వరకు లిమోజ్ వాళ్ళతో నేనూ ఏకీభవిస్తాను. తీరిక లేక చేసిన పని రుచికి కూడా కలిసొచ్చింది.

నా వృత్తి గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1768లో ఇక్కడికి దక్షిణాన సాంతిరియే ఊళ్ళో తెల్లటి కేయోలిన్ మట్టి బయటపడింది. దర్నే అనే శస్త్రవైద్యుడి భార్య దాన్ని బట్టలుతకడానికి పనికొస్తుందేమోనని తెచ్చిందని కథ. 1771 కల్లా లిమోజ్‌లో పింగాణీ తయారీ మొదలైంది. వియెన్ నదిలో దుంగలు తేల్చుకొచ్చి, నావె రేవులో పట్టి, ఆ కట్టెలతో పద్నాలుగు వందల డిగ్రీలకు బట్టీలు కాల్చేవారు. ఆ పళ్ళేలు అమెరికా దాకా వెళ్ళాయి. ఆ కట్టెలు కొట్టినవాళ్ళ ఇళ్ళలో క్లఫుతీ ఉడికింది మాత్రం ఎర్రమట్టి మూకుడులో. దానికి లోపల సీసపు మెరుగు. పుల్లటి చెర్రీ రసం, సీసం, వేడి, ఈ మూడూ కలిసే చోటు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఊళ్ళో పర్యాటకుల దుకాణాల్లో ఇవాళ అంచుకు మడతలున్న తెల్ల పింగాణీ క్లఫుతీ గిన్నెలు వరసగా పెట్టి ఉంటాయి. అందంగానే ఉంటాయి. సంప్రదాయం అనకుండా ఉంటే బాగుండు.

1856లో లిమోజ్‌కు రైలు వచ్చింది. తాపీమేస్త్రీలు నడవడం మానేశారు, తర్వాత తిరిగిరావడమే మానేసి భార్యాపిల్లల్ని పారిస్‌కు తీసుకుపోయారు. వంటకం కూడా ఆ రైళ్ళలోనే వెళ్ళి ఉంటుందని నా ఊహ. ఇరవయ్యో శతాబ్దంలో కార్లు, మిషలాన్ గైడు వచ్చాక పట్నంవాళ్ళకు పల్లె రుచుల మీద మోజు పుట్టింది. 1921 నుంచి క్యుర్నోన్స్కీ, మార్సెల్ రూఫ్ అనే ఇద్దరు ప్రాంతానికో సంపుటం చొప్పున ఫ్రాన్సు తిండి గురించి రాసుకుంటూ పోయారు. బీదవాళ్ళ వంటకాలకు ప్రాంతీయ వంటకాలని గౌరవం దక్కిన కాలం అది. గింజ మీద సిద్ధాంతాలు కూడా ఈ మోజుతోనే గట్టిపడ్డాయని నా అనుమానం. కూలి పనివాడికి గింజ ఉమ్మెయ్యడం ఒక సమస్యే కాదు. తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర కూచున్నవాడికే అది సమస్య. సమస్య వచ్చాకే సమర్థన కావాలి.

1961లో జూలియా చైల్డ్, సిమోన్ బెక్, లూయిసెత్ బెర్తోల్ కలిసి అమెరికన్లకు ఫ్రెంచి వంట నేర్పే పెద్ద పుస్తకం తెచ్చారు. అందులో గింజ తీసిన చెర్రీలే. పిండి మిక్సీలో తిప్పమన్నారు. ముందు గిన్నె అడుగున పల్చగా పిండి పోసి పొయ్యిమీద కాసేపు గట్టిపడనిచ్చి, ఆ పైన పళ్ళు పేర్చి మిగతాది పోయమన్నారు. పళ్ళు అడుగుకు దిగిపోకుండా ఉపాయం. తెలివైన ఉపాయమే. తీరిక ఉన్నవాళ్ళ ఉపాయం. ప్రపంచానికి క్లఫుతీ తెలిసింది ఎక్కువగా ఇలాంటి పుస్తకాల నుంచే. ఆ తర్వాత ఎవరి చేతిలో ఏ పండు ఉంటే అదే వేశారు. ఆపిలు, పియర్, ప్రూన్ పళ్ళు వేసినదాన్ని ఇక్కడివాళ్ళు ఫ్లోన్యార్ద్ అంటారు, క్లఫుతీ అననివ్వరు. టొమాటోలు వేసి ఉప్పటి క్లఫుతీ చేసేవాళ్ళు కూడా ఉన్నారు. దాని గురించి పక్కింటావిడ దగ్గర నేను ఇంతవరకు నోరెత్తలేదు.

2016లో రెండు జరిగాయి. జనవరి 1న లిమూజాన్ అనే పాలనా ప్రాంతం రద్దై, సముద్రం దాకా పరచుకున్న నువెల్ ఆకితెన్‌లో కలిసిపోయింది. అదే ఏడు చెర్రీ తోటల్లో డైమిథోయేట్ మందు కొట్టడాన్ని ఫ్రాన్సు నిషేధించింది, ఆ మందు వాడే దేశాల చెర్రీలను కూడా రానివ్వలేదు. ఆసియా నుంచి వచ్చిన సుజుకీ ఈగ మీద రైతులకున్న పెద్ద ఆయుధం అదే. మామూలు పళ్ళ ఈగలు కుళ్ళిన పండు వెతుక్కుంటాయి. ఇది చెట్టు మీద పండుతున్న మంచి పండుకే రంపం లాంటి గొట్టంతో కోత పెట్టి గుడ్లు దింపుతుంది. పెద్ద తోటలవాళ్ళు ఇప్పుడు చెట్లకు చెట్లే సన్నటి వలలు కప్పుతున్నారు. పెరట్లో నిచ్చెన ఆనని ముసలి చెట్టుకు వల ఎవరు కప్పుతారు?

బజారులో దొరికేది ఎక్కువగా బుర్లా. లియోన్ దగ్గర 1915లో లేయోనార్ బుర్లా అనే ఆయన కంటబడిన రకం. పెద్దది, ఎర్రది, గట్టిది, ముందుగా పండేది, లారీలో నలగనిది. గింజ తీసే యంత్రానికి కూడా చక్కగా లొంగుతుంది. క్లఫుతీకి పనికిరాదని కాదు, రసం తక్కువ. చిన్న నల్లచెర్రీని ఏ వ్యాపారీ తేడు, బుట్టలో పెట్టిన పూటకే కారడం మొదలెడుతుంది. కావాలంటే చెట్టున్నవాళ్ళను అడిగి తెచ్చుకోవాలి. మేం కొరెజ్‌లో ఒక రైతు దగ్గర తెచ్చుకుంటాం. డబ్బు పుచ్చుకోడు. మీరే ఎక్కి కోసుకోండి, కొమ్మలు విరవకండి, పిట్టలకు పైన కొన్ని వదలండి అంటాడు. పోయినేడు పళ్ళలో పురుగులున్నాయని నేను వెనకాడుతుంటే, పక్కింటావిడ ఒక గిన్నెడు ఉప్పునీళ్ళు కలిపి చెర్రీలన్నీ అందులో పోసింది. అరగంటకు తెల్లటి పురుగులు పైకి తేలాయి. వాటిని వంపేసి, పళ్ళు గుడ్డ మీద ఆరబోసి, గుడ్లు తెమ్మంది.